టార్గో వేళ్లకు దెబ్బ తగిలాక: 'మిషన్: ఇంపాజిబుల్' తొలి ఎపిసోడ్‌పై చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ వారం 'మిషన్: ఇంపాజిబుల్' టీవీ సీరియల్ మొట్టమొదటి ఎపిసోడ్ గురించి మాట్లాడుకుందాం. 1966 సెప్టెంబరు 17న అమెరికాలో సీబీఎస్ టీవీ చానల్‌లో వచ్చింది. స్టూడియోలో సినిమా ఎడిటర్ మేడమ్, వయొలిన్ మాస్టారు ఉన్నారు. మేడమ్, ముందు కథ చెప్పండి.

ఎడిటర్: కథ చిన్నదేనండీ. శాంటా కోస్టా అని ఓ కల్పిత ద్వీప దేశం. అక్కడి హోటల్ వాల్ట్‌లో, అంటే ఖజానా గదిలో, రెండు అణు వార్‌హెడ్లు దాచారు. వాటిని ఎత్తుకురావాలి. రహస్య ఏజెంట్ల బృందానికి నాయకుడైన బ్రిగ్స్ ఫొటోలు ముందేసుకుని మనుషుల్ని ఎంచుకుంటాడు. అందులో టార్గో తాళాలు తీయడంలో ఘనుడు. మనిషి బక్కపలచన, పెట్టెలో పట్టేస్తాడు. ఆ పెట్టెను బృందంలోని బలశాలి విల్లీ మామూలు సామానులా మోస్తాడు. లోపల మనిషి ఉన్నాడని మనకు తెలుసు, హోటల్ వాళ్లకు తెలీదు. టెన్షన్ అంతా అక్కడే.

మాస్టారు: నాకు గుండె ఆగినంత పనయింది మాత్రం టార్గో వేళ్లకు దెబ్బ తగిలినప్పుడమ్మా. వయొలిన్ వాయించేవాణ్ని కదా, ఆ బాధ నాకు తెలుసు. పథకమంతా ఆ వేళ్ల మీదే ఉంది!

ఎడిటర్: అవునండీ. అక్కడిదాకా ఆజ్ఞలిచ్చిన బ్రిగ్స్ తానే ఆ పనికి దిగాలి. తర్వాతి సీజన్లలో పథకం గడియారంలా నడిచిపోతుంది, ఇంత భయం వేయదు. అందుకే నాకు ఈ తొలి ఎపిసోడే ఇష్టం.

వ్యాఖ్యాత: బ్రిగ్స్‌గా చేసిన స్టీవెన్ హిల్ మొదటి సీజన్‌తోనే వెళ్లిపోయారు కదా?

ఎడిటర్: ఆయన నిష్ఠగల యూదుడు. వాళ్ల విశ్రాంతి దినం మొదలవుతుందని శుక్రవారం పొద్దుగూకాక షూటింగ్ చేసేవారు కాదు. రెండో సీజన్ నుంచి పీటర్ గ్రేవ్స్ వచ్చారు. హిల్ ముఖంలోని ఆ అలసట మళ్లీ ఎవరిలోనూ చూడలేదు నేను.

వ్యాఖ్యాత: మాస్టారూ, లాలో షిఫ్రిన్ సంగీతం?

మాస్టారు: వినండి. (బల్ల మీద వేళ్లతో కొడుతూ) తకిట తకిట తక తక. మూడు, మూడు, రెండు, రెండు. మొత్తం పది. మన లెక్కలో ఐదేసి అక్షరాల తాళం ఖండచాపు రెండు ఆవర్తాలు! నాలుగు దెబ్బలకు అలవాటుపడ్డ చెవికి ఎక్కడో కాలు తడబడ్డట్టుంటుంది, అయినా పరుగు ఆగదు. ఇంటికెళ్లి శిష్యులకు ఇదే పాఠం పెట్టాను.

వ్యాఖ్యాత: నచ్చనిది ఏమైనా ఉందా?

ఎడిటర్: ఉంది. ఆ దేశంవాళ్లు మనుషుల్లా కనిపించరు. సైనిక నియంత, అతని చుట్టూ కాపలావాళ్లు, అంతే. బృందంలో మారువేషాల నిపుణుడు రోలిన్‌గానూ, ఆ నియంతగానూ మార్టిన్ లాండవే నటించారు. నటన అద్భుతం. కానీ నియంత పాత్రకు ఆ ద్వీపంలో ఒక ఇల్లు, ఒక మనిషి ఉంటే బాగుండేది.

మాస్టారు: అది నిజమే. కానీ బార్నీ సంగతి చెప్పాలి. 1966లో నల్లజాతి నటుడు గ్రెగ్ మోరిస్‌ను ఎలక్ట్రానిక్స్ నిపుణుడిగా చూపించారు. అతని రంగు గురించి ఎవరూ మాట్లాడరు. పని అప్పగిస్తారు, చేస్తాడు. ఆ వైర్లు పట్టుకునే తీరు చూశారా మేడమ్?

ఎడిటర్: చూశాను. అతని చేతుల మీద ఇంకో రెండు సెకన్లు షాట్ ఉంచి ఉంటే బాగుండేది అనుకున్నాను.