పోర్షే 911, హోండా ఎన్ఎస్ఎక్స్: బరువు ఎక్కడ పెట్టారు?

[దృశ్యం: ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ బయట, హైవే పక్కన ఆగిన ఆటో. వెనక మూత తెరిచి ఉంది]

నమస్తే అండి. చెన్నై దాటి శ్రీపెరంబుదూర్ వెళ్లే దారిలో ఉన్నాను. కార్ల వీడియోలో ఆటో ఎందుకంటారా? ఇంజిన్ ఎక్కడుందో చూడండి. బండి తోక దగ్గర. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ షోలో పోర్షే చూపించిన 911 ఇంజిన్ కూడా తోకలోనే ఉంటుంది, వెనక చక్రాలు దాటాక. పైగా అది గాలితో చల్లబడే ఇంజిన్.

[దృశ్యం: బల్ల మీద రెండు బొమ్మ కార్లు]

ఇది 1989లో వచ్చిన 911, పాత కార్లు సేకరించేవాళ్లు 964 అని పిలిచే తరం. 3.6 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్, 250 హార్స్‌పవర్. పక్కనున్నది 1990లో అమ్మకానికి వచ్చిన హోండా ఎన్ఎస్ఎక్స్. 3 లీటర్ల వీ6, 270 హార్స్‌పవర్. రెండిటి బరువూ దాదాపు ఒకటే. ఆ బరువు ఎక్కడుందన్న దగ్గరే దారులు వేరయ్యాయి.

సైకిల్ క్యారియర్ మీద బియ్యం బస్తా వేసుకుని మలుపు తిరిగారా ఎప్పుడైనా? హ్యాండిల్ ఒకటి చెబుతుంది, వెనక చక్రం ఇంకోటి చేస్తుంది. 911 అదే. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే బరువు ముందుకు జరుగుతుంది, వెనక టైర్ల పట్టు సడలుతుంది, తోక బయటికి తిరిగిపోతుంది. కానీ అదే బస్తా వెనక చక్రాలను రోడ్డుకి అదిమిపెడుతుంది కాబట్టి మలుపు దాటి కాలు నొక్కితే కారు దూసుకుపోతుంది.

ఇంజిన్ చోటు మార్చేస్తే సమస్య పోతుంది కదా! పోర్షే మార్చలేదు. 964లో కుదుపులు తట్టుకునే టార్షన్ బార్లు, అంటే మెలితిరిగే ఉక్కు కడ్డీలు, తీసేసి కాయిల్ స్ప్రింగులు వేశారు, పవర్ స్టీరింగ్, ఏబీఎస్ ఇచ్చారు, ముందుగా నాలుగు చక్రాలకూ శక్తి పంపే కరెరా 4 తెచ్చారు. ఇంజిన్ మాత్రం ఉన్నచోటే ఉంది. ఈ మొండిపట్టు నాకు చాలా ఇష్టం.

హోండాకి కాపాడుకోవాల్సిన పాత డిజైన్ ఏదీ లేదు. బస్తాను సైకిల్ మధ్యలో, మనిషి వెనకే పెట్టింది. బాడీ మొత్తం అల్యూమినియంతో చేసి, ఉక్కుతో పోలిస్తే దాదాపు 200 కిలోలు తగ్గించింది. పిస్టన్లను క్రాంక్‌షాఫ్ట్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్లు తేలికైన టైటానియంవి. అందుకే ఇంజిన్ 8000 ఆర్‌పీఎం దాకా తిరుగుతుంది. 1989లో సుజుకా ట్రాక్ మీద ప్రోటోటైప్ నడిపిన ఫార్ములా వన్ ఛాంపియన్ ఐర్టన్ సెన్నా, బాడీ ఇంకా గట్టిగా ఉండాలన్నారు. హోండా ఇంజనీర్లు కారుని జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ ట్రాక్‌కి తీసుకెళ్లి పరీక్షిస్తూ గట్టిపరిచారు. జపాన్ కారు జర్మన్ రోడ్డు మీద రాటుదేలిందన్నమాట. తర్వాత మెక్లారెన్ ఎఫ్1 అనే సూపర్‌కారుని గీసిన గోర్డన్ ముర్రే దీన్నే కొలబద్దగా పెట్టుకున్నారు.

కొనేవాళ్లు చూసుకోవాల్సింది ఒకటుంది. చెన్నైలో పుదుపేట లాంటి చోట టింకరింగ్ చేసేవాళ్లు ఉక్కు రేకుని కొట్టి సరిచేస్తారు. అల్యూమినియం అలా వినదు, సాగిపోతుంది, వెల్డింగూ వేరు. ప్రమాదంలో దెబ్బతిన్న ఎన్ఎస్ఎక్స్ తక్కువ ధరకి వస్తోందంటే సంబరపడకండి. 911లో ఆయిల్ కారుతోందా, తుప్పు పట్టిందా చూసుకోండి.

2005 దాకా తయారైన ఎన్ఎస్ఎక్స్‌లు 18 వేల పైచిలుకే. 911లు 2017కే పది లక్షలు దాటాయి. కానీ గాలితో చల్లబడేవి 1998తో ఆగిపోయాయి.

నాకు ఒక్కటే ఎంచుకొమ్మంటే ఎన్ఎస్ఎక్స్. కొత్త డ్రైవర్‌ని కూడా అది భయపెట్టదు.

ఇప్పుడు ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి.

[శబ్దం: 911. ఫ్యాన్ హోరు, దాని కింద పొడిపొడిగా లోహపు గరగర]

ఇది 911. ఇక ఎన్ఎస్ఎక్స్. 5800 ఆర్‌పీఎం దగ్గర వీటెక్, అంటే వేగం పెరిగాక ఇంజిన్ వాల్వులను ఇంకా ఎక్కువగా తెరిచే ఏర్పాటు, అందుకుంటుంది, అక్కడ గొంతు ఎలా మారుతుందో వినండి.

[శబ్దం: ఎన్ఎస్ఎక్స్, 8000 దాకా. తెర నల్లగా]