టీ స్కోరు కాదు, జెడ్ స్కోరు: ఫోన్-ఇన్‌లో ఎముకల డాక్టరు

వ్యాఖ్యాత: చెప్పండమ్మా, డాక్టరు గారు వింటున్నారు.

శ్రోత: నమస్కారం డాక్టరు గారూ. మా బాబుకు నాలుగో ఏట లుకేమియా, అదే రక్త క్యాన్సర్, వచ్చింది. చికిత్స అయిపోయి రెండేళ్లు. ఇప్పుడు తొమ్మిదేళ్లు, తరగతిలో అందరికంటే పొట్టి. వాళ్ల నానమ్మేమో పాలు చాలడం లేదంటారు... మొన్న ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్‌లో మైనస్ 3.8 వచ్చింది. ఎముకలు గుల్లబారాయా?

డాక్టరు: ఆ అంకె పక్కన టీ అని ఉందా, జెడ్ అని ఉందా?

శ్రోత: టీ స్కోరు అని ఉందండీ.

డాక్టరు: అదిగో! ప్రతిసారీ మొత్తుకునేది ఇదే. టీ స్కోరు ఎదిగిన యువతీయువకుల ఎముకతో పోలుస్తుంది. పిల్లవాడికి అది తక్కువ రాక ఏమవుతుంది? తన ఈడు పిల్లలతో పోల్చే జెడ్ స్కోరు అడగండి. అది మైనస్ 2 గానీ అంతకంటే కిందగానీ ఉంటే సాంద్రత తక్కువ అంటాం. అంతమాత్రాన ఆస్టియోపొరోసిస్, అంటే ఎముకలు గుల్లబారే జబ్బు, అనం.

శ్రోత: అయితే గుల్లబారలేదన్నమాట.

డాక్టరు: ఆ మాటా అనలేదు. పొట్టి అన్నారుగా. డెక్సా ఎముక మందాన్ని చూడదు, నీడ పరిచినంత మేరే లెక్కిస్తుంది. ఎముక చిన్నదైతే గట్టిగా ఉన్నా తక్కువ చూపిస్తుంది. అందుకని ఎత్తుకు సవరించిన జెడ్ స్కోరు కావాలి. నడుము దగ్గర వెన్నెముకకు ఒకటి, తల మినహా మొత్తం శరీరానికి ఒకటి. వీపు నొప్పి అంటాడా?

శ్రోత: అప్పుడప్పుడూ. బడి సంచి బరువు అనుకున్నాం.

డాక్టరు: సంచి మీదకు తోసేయకండి. లుకేమియా చికిత్సలో స్టెరాయిడ్లు వాడతారు, అవి వాడిన పిల్లల్లో వెన్నుపూసలు అణిగిపోవచ్చు, ఒక్కోసారి నొప్పే ఉండదు. వెన్నెముకకు పక్కవైపు నుంచి ఎక్స్‌రే తీయించండి. పెద్ద దెబ్బ తగలకుండానే పూస అణిగి ఉంటే, జెడ్ స్కోరు ఎంతున్నా అది ఆస్టియోపొరోసిసే.

శ్రోత: మరి ఆ మైనస్ 3.8...

డాక్టరు: అమ్మా, దాన్ని కొట్టేయండి! భయపడకండి, చికిత్స ముగిశాక చాలామంది పిల్లల్లో ఎముక మళ్లీ పుంజుకుంటుంది. విటమిన్ డి రక్తపరీక్ష చేయించండి. పాలు తాగనివ్వండి, నానమ్మ గారు అన్నది తప్పేమీ కాదు.

వ్యాఖ్యాత: తర్వాతి శ్రోత, క్లుప్తంగా.

శ్రోత: నాకు ఇరవై రెండేళ్లండీ. చిన్నప్పుడు ఇదే జబ్బు. డెక్సా బాగానే ఉంది, నడిస్తే తుంటి నొప్పి.

డాక్టరు: డెక్సాకు అది దొరకదు బాబూ. స్టెరాయిడ్ల వల్ల రక్తం అందక తొడ ఎముక తల దెబ్బతిని ఉండవచ్చు. ఎంఆర్ఐ కావాలి, ఆలస్యం చేయకండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. ఇంకొకరు.

శ్రోత: పాపకు మూడు నెలలకోసారి డెక్సా తీయిస్తున్నాం...

డాక్టరు: ఎందుకు? ఆరు నెలల లోపు తేడా తెలియదు. ఏడాది ఆగండి, అదే యంత్రం మీద తీయించండి. రిపోర్టులో టీ స్కోరు...

వ్యాఖ్యాత: లైను తెగింది డాక్టరు గారూ.