దూదితో, రొయ్య పొట్టుతో జెల్‌కు బలం: నానో స్ఫటికాలు కలిపే పద్ధతి

నమస్కారం. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు రసాయనశాస్త్రం చదువుతున్న విద్యార్థులను దృష్టిలో పెట్టుకొని ఈ వీడియో చేస్తున్నాను. ముందుగా ఈ రెండు జెల్ పూసలను చూడండి. ఎడమవైపున్నది ఒట్టి సోడియం ఆల్జినేట్‌తో, అంటే గోధుమరంగు సముద్రపు నాచు నుంచి తీసే పదార్థంతో చేసినది. వేలితో నొక్కగానే చితికిపోయింది. కుడివైపున్న దానిలో దూది నుంచి తీసిన సెల్యులోజ్ నానో స్ఫటికాలు, అంటే దూది నారలోని పదార్థమైన సెల్యులోజ్‌తో ఏర్పడిన, కంటికి కనబడనంత చిన్న కడ్డీల్లాంటి స్ఫటికాలు ఉన్నాయి. అంతే ఒత్తిడికి ఇది నిలిచింది. మన ఊళ్లలో మట్టి గోడ కట్టేటప్పుడు గడ్డి కలిపి తొక్కుతారు కదా, ఇక్కడ జరిగేదీ అదే.

స్ఫటికాలు తీయడం త్వరగా చెప్పేస్తాను. జిన్నింగ్ మిల్లు దూదినైతే పలుచని కాస్టిక్ సోడాలో ఉడికించి కడగవలసి ఉంటుంది కాబట్టి, నేను మందుల షాపులో దొరికే సర్జికల్ దూదినే వాడతాను. 64 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంలో, 45 డిగ్రీల వద్ద, 45 నిమిషాలు కలుపుతూ ఉంచాలి. ఆమ్లాన్ని పలుచన చేసేటప్పుడు నీళ్లలో ఆమ్లం పోయాలి, ఆమ్లంలో నీళ్లు ఎన్నడూ పోయకూడదు. ఫ్యూమ్ హుడ్, కళ్లద్దాలు, గ్లవుజులు తప్పనిసరి. తర్వాత పది రెట్ల చల్లని నీళ్లలో పోసి చర్యను ఆపి, సెంట్రిఫ్యూజ్ చేసి (వేగంగా తిప్పి కణాలను అడుగుకు దింపి), డయాలిసిస్ గొట్టంలో, అంటే కణాలను ఆపి ఆమ్లాన్ని మాత్రం బయటికి వదిలే పలుచని పొర గొట్టంలో కట్టి, బయటి నీటి పీహెచ్ మారకుండా నిలిచేవరకు రోజూ నీళ్లు మారుస్తూ ఉండాలి. చివరగా మంచు గిన్నెలో ఉంచి సోనికేట్ చేయాలి, అంటే అతిధ్వని తరంగాలతో కణాలను విడదీయాలి. ఒక్క హెచ్చరిక: దీన్ని పొడిగా ఎండబెట్టకండి, ఎండితే కణాలు అతుక్కొని మళ్లీ నీళ్లలో సరిగా విడిపోవు.

కణాలు విడిపోయాయో లేదో చూడడానికి నాకు బాగా నచ్చిన ఉపాయం ఒకటుంది. ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే వదిలే పోలరాయిడ్ షీట్లు రెండింటిని ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా పెట్టి, మధ్యలో స్ఫటికాల ద్రవం ఉన్న ఈ సీసాను ఉంచి కదపండి. ఇదిగో, చీకట్లో వెలుగు తీగలు కదులుతున్నాయి చూడండి. కడ్డీల్లాంటి స్ఫటికాలు ప్రవాహంతో పాటు ఒకే దిశకు తిరిగినందువల్లనే ఈ వెలుగు కనబడుతుంది.

ఇప్పుడు నెమ్మదిగా వినండి, ఎందుకంటే నేను మొదటిసారి పొరపడినది ఇక్కడే. రొయ్య పొట్టు నుంచి సున్నపు పదార్థాన్ని, ప్రోటీన్‌ను తొలగించి, మిగిలిన కైటిన్‌ను (పొట్టుకు గట్టితనమిచ్చే పదార్థాన్ని) 3 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 90 నిమిషాలు మరిగిస్తే కైటిన్ నానో స్ఫటికాలు వస్తాయి. ఇవీ బలాన్నిచ్చేవే కదా అని నేను వాటిని నేరుగా ఆల్జినేట్ ద్రావణంలో పోశాను. పోసిన చోటల్లా విరిగిన పాలలాగా తెల్లని ముక్కలు తేలాయి, ఎంత కలిపినా కరగలేదు. కారణం విద్యుదావేశం. ఆమ్ల మాధ్యమంలో కైటిన్ స్ఫటికాల ఉపరితలం ధనావేశంతో ఉంటుంది, ఆల్జినేట్‌ది ఋణావేశం. రెండూ వెంటనే పట్టుకొని ముద్దకడతాయి. గడ్డి ఒకచోట ముద్దగా ఉండిపోయిన గోడ అక్కడే పగిలినట్టు, కణాలు ముద్దకట్టిన జెల్ అక్కడే చిరుగుతుంది. సల్ఫ్యూరిక్ ఆమ్లంతో తీసిన దూది స్ఫటికాలకు సల్ఫేట్ సమూహాల వల్ల ఋణావేశం వస్తుంది కాబట్టి అవి ఆల్జినేట్‌లో హాయిగా కలుస్తాయి. కైటిన్ స్ఫటికాలను వాడదలిస్తే, పలుచని ఎసిటిక్ ఆమ్లంలో కరిగించిన కైటోసాన్ (కైటిన్ నుంచే తయారయ్యే పదార్థం) జెల్‌లో కలపండి, రెండింటిదీ ధనావేశమే. ఎంత కలిపామన్నదానికంటే, ఏది దేనిలో కలిపామన్నదే ముందు చూసుకోవాలి.

ఇక కలపడం. 2 గ్రాముల ఆల్జినేట్‌ను 90 మిల్లీలీటర్ల స్వేదనజలంలో కొద్దికొద్దిగా చల్లుతూ కరిగించి, 1 శాతం దూది స్ఫటికాల ద్రవాన్ని 10 మిల్లీలీటర్లు చుక్కచుక్కగా వేయండి. ఇది ఆల్జినేట్ బరువులో 5 శాతం. కుళాయి నీళ్లు వద్దు. అందులోని కాల్షియంతో అప్పుడే గడ్డలు కడుతుంది. బుడగలు పోయేవరకు ఆగి, సిరంజితో 2 శాతం కాల్షియం క్లోరైడ్ ద్రావణంలోకి వదలండి. చుక్క పడగానే పూస అవుతుంది, చూడండి. అరగంట అందులోనే ఉంచి కడగండి.

పరీక్షకు ఒకే పరిమాణంలో ఉన్న ఒట్టి ఆల్జినేట్ పూసలు, స్ఫటికాలు కలిపిన పూసలు ఐదేసి తీసుకొని, ఒక్కో రకాన్నీ విడిగా రెండు గాజు పలకల మధ్య ఉంచి, పైన ఒకే బరువు పెట్టి, ఒక నిమిషం తర్వాత పలకల మధ్య ఎడం కొలవండి. బరువు తీశాక మరోసారి కొలిచి, రెండు అంకెలనూ పక్కపక్కనే రాసుకోండి.