పెట్టె మీద రాయని సంగతులు

మిత్రులారా, నమస్కారం.

సొంతంగా కంప్యూటర్ అమర్చుకోవడం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఈ మాట ఎత్తగానే ఎవరైనా అడిగేది ఏ ప్రాసెసర్ మంచిది, ఏ గ్రాఫిక్స్ కార్డు కొనాలి అని. వాటి సంగతి తర్వాత చూద్దాం. ముందు గోడకున్న ప్లగ్గు గురించి, దాని వెనక ఉండాల్సిన ఎర్తు తీగ గురించి మాట్లాడతాను. ఎందుకంటే కంప్యూటర్ ఎన్నేళ్లు బతుకుతుందో తేల్చే భాగాలకు ప్రకటనలు ఉండవు. డబ్బు మాత్రం ముందు వాటి మీదే పెట్టాలని నా గట్టి నమ్మకం.

చెప్పులు లేకుండా నిలబడి కేబినెట్ వెనక చెయ్యి వేస్తే జివ్వుమన్న అనుభవం ఈ హాల్లో చాలామందికి ఉండే ఉంటుంది. కంప్యూటర్ పాడైందనుకుని కంగారు పడతారు. చాలాసార్లు దాని తప్పేమీ ఉండదు. గోడ కరెంటును కంప్యూటర్‌కు పనికొచ్చే తక్కువ వోల్టులకు మార్చే పెట్టెను ఎస్‌ఎంపీఎస్ అంటారు. అందులో కరెంటు లోపలికి వచ్చే చోట ఒక ఫిల్టర్ ఉంటుంది. ఆ ఫిల్టర్‌లో ఫేజ్ నుంచి బాడీకి ఒక చిన్న కెపాసిటర్ (విద్యుత్తును కాసేపు నిలవ ఉంచుకునే భాగం), న్యూట్రల్ నుంచి బాడీకి మరొకటి ఉంటాయి. ఎర్తు సరిగ్గా ఉంటే వాటి గుండా వచ్చే కాస్త కరెంటు నేలలోకి దిగిపోతుంది. ఎర్తు లేకపోతే దిగే దారి లేక కేబినెట్ ఇనుము మీదే నిలుస్తుంది. 230 వోల్టులలో సగం, సుమారు 115 వోల్టులు అక్కడ ఉంటాయి. కరెంటు చాలా స్వల్పం కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. అలాగని వదిలేయకూడదు. లోపల నిజంగానే ఫేజ్ తీగ ఊడి బాడీకి తగిలిన రోజున మనల్ని కాపాడాల్సింది ఆ ఎర్తే. పైగా టీవీకి హెచ్‌డీఎంఐ కేబుల్ గుచ్చేటప్పుడు చిన్న మెరుపు కనిపించి, ఆ పోర్టు శాశ్వతంగా మూగబోవడానికి కూడా తరచుగా ఇదే కారణం.

మన పాత ఇళ్లలో మూడో రంధ్రం అలంకారానికే ఉంటుంది. దాని వెనక తీగే ఉండదు. ఉన్న చోట కూడా ఉప్పు, బొగ్గు వేసి గొయ్యి పూడ్చి ఏళ్లు గడిచి ఉంటాయి, నీళ్లు పోసిన వాళ్లు ఉండరు. వేసవిలో నేల ఎండిపోతే ఆ ఎర్తు పని చేయదు. కొత్త ప్రాసెసర్ కొనే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తు గొయ్యి వేయించండి. నా దృష్టిలో కంప్యూటర్ కొనుగోలు జాబితాలో మొదటి వస్తువు అదే.

రెండోది ఎస్‌ఎంపీఎస్. ఒకప్పుడు కేబినెట్ కొంటే అది ఉచితంగా వచ్చేది. పైన 450 వాట్లు అని పెద్ద అక్షరాలతో రాసి ఉండేది. చేత్తో పట్టుకుంటే ఖాళీ డబ్బాలా తేలిపోయేది. ఆ పెద్ద అక్షరాలను నమ్మకండి. పక్కన చిన్న పట్టికలో 12 వోల్టుల లైను ఎన్ని ఆంపియర్లు ఇస్తుందో చూడండి. ఈనాటి ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు తాగేది దాదాపు అంతా ఆ లైను నుంచే. అక్కడ 16 ఆంపియర్లు అని ఉంటే, 12తో గుణిస్తే 192 వాట్లు. పైన రాసిన 450 ఎక్కడ, ఈ 192 ఎక్కడ! అమెరికాలో ఉన్న బంధువులు తెచ్చిన పాత సామాను వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. పాత ఎస్‌ఎంపీఎస్‌ల వెనక ఎర్ర మీట ఉండేది, ఒక వైపు 115, మరో వైపు 230. అది 115 వైపు ఉండగా మన ప్లగ్గులో పెడితే పెద్ద శబ్దంతో ఆ పెట్టె కథ ముగుస్తుంది.

ఇక కరెంటు పోతే బ్యాటరీతో కాసేపు కంప్యూటర్‌ను నడిపే యూపీఎస్. దాని మీద 600 వీఏ (వోల్ట్ ఆంపియర్లు) అని ఉంటే అది 600 వాట్లు కాదు. సాధారణంగా 360 వాట్ల దాకానే మోస్తుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉందిగా, యూపీఎస్ ఎందుకు అని కొందరు అడుగుతారు. ఫర్వాలేదు, వాడుకోవచ్చు. కాకపోతే చాలా ఇన్వర్టర్లకు యూపీఎస్ మోడ్ అని ఒక మీట ఉంటుంది, దాన్ని ఆ వైపు పెట్టాలి. కరెంటు పోయాక మంచి ఎస్‌ఎంపీఎస్ తనలో నిలవ ఉన్న శక్తితో సుమారు 16 మిల్లీసెకన్లు నెట్టుకొస్తుంది. ఇన్వర్టర్ అంతకన్నా ఆలస్యంగా అందుకుంటే కంప్యూటర్ ఆగిపోతుంది.

ఇదంతా వింటే వేగం మీద నాకు మోజు లేదనుకుంటారేమో. ఎంతో ఉంది. 1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఏ అనే 300 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ వచ్చినప్పుడు నాలాంటి వాళ్లకు పండగే. ప్రాసెసర్‌ను మిగతా భాగాలతో కలిపే దారిని బస్ అంటారు. దాని వేగాన్ని 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు మారిస్తే ఆ 300 కాస్తా 450 అయ్యేది. అంత తక్కువ ధరలో అంతటి వేగం! కానీ మే నెల మధ్యాహ్నం కూడా అది ఆ వేగంతోనే నిలబడాలంటే నికరమైన విద్యుత్తు కావాలి, వేడి బయటికి పోయే దారి కావాలి. గది 42 డిగ్రీలు ఉంటే కేబినెట్ లోపల అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఏ ఫ్యానూ గది వేడి కంటే కిందికి చల్లబరచలేదు. చల్లని దేశాల్లో కొలిచిన ఉష్ణోగ్రతలు చదివి రామగుండంలోనో రెంటచింతలలోనో కూలర్ ఎంచుకుంటే సరిపోదు. వేసవి రాకముందే దుమ్ము దులపండి. వెనక ఖాళీ స్లాట్లకు రేకులు బిగించండి. అక్కడి నుంచే బల్లులు, బొద్దింకలు లోపలికి దూరతాయి.

ఇక నేను ఎంతో ఇష్టంగా గుర్తుంచుకునే ఒక మరమ్మతు గురించి చెప్పాలి. విజయవాడలో ఒక మిత్రుడికి ప్రింటింగ్ ప్రెస్ ఉండేది. పెంటియం 4 కంప్యూటర్, అందులో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాం, తెలుగు అక్షరాలకు అను ఫాంట్లు. శుభలేఖలు, కరపత్రాలు, పుస్తకాలు, ఏళ్ల తరబడి చేసిన పనంతా అందులోనే ఉంది. అవి అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడి పద్ధతైన యూనికోడ్ ఫాంట్లు కావు కాబట్టి ఆ ఫైళ్లు ఆ ఫాంట్లు లేని వేరే కంప్యూటర్‌లో తెరిస్తే అక్షరాలన్నీ చిందరవందర. ఆ యంత్రం ఒకరోజు ఉదయం మొదటి నొక్కుకు లేవడం మానేసింది. పదే పదే నొక్కితే లేచేది, పని మధ్యలో తనంతట తానే రీస్టార్ట్ అయ్యేది. తెరిచి చూస్తే ప్రాసెసర్ సాకెట్ చుట్టూ ఉన్న కెపాసిటర్ల నెత్తులు ఉబ్బి ఉన్నాయి. ఒకటి రెండింటి మీద గోధుమరంగు ద్రవం గడ్డకట్టి ఉంది. 2000 తర్వాతి కొన్నేళ్లలో తయారైన మదర్‌బోర్డులకు ప్రపంచమంతటా పట్టిన జబ్బు అది. కెపాసిటర్ లోపలి ద్రవం నాసిరకంది కావడంతో వాయువు పుట్టి, పైనున్న గీతల వెంట పగిలేవి.

కొత్త బోర్డు కొందామంటే ఆ ప్రాసెసర్‌కు సరిపోయేవి అప్పటికే మార్కెట్లో లేవు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్ విడిభాగాల దుకాణాలు వరసగా ఉంటాయి. అక్కడ 105 డిగ్రీలు తట్టుకునే లో ఈఎస్ఆర్ (లోపలి నిరోధం తక్కువగా ఉండే) కెపాసిటర్లు కొన్నాను. మామూలు రకం వేస్తే ఈ పనికి నిలవవు. పాతవి పీకడమే కష్టం. కెపాసిటర్‌కు ఒక కాలు బోర్డు లోపలి గ్రౌండ్ పొరకు అతుక్కుని ఉంటుంది. సోల్డరింగ్ ఐరన్ వేడినంతా ఆ పొర లాగేసుకుంటుంది, సీసం కరగదు. ఓపిగ్గా, బోర్డు చెడకుండా, ఒక్కో కాలు వదిలించాలి. చారలున్న వైపు నెగటివ్, అది తారుమారు కాకూడదు. అన్నీ మార్చి స్విచ్ నొక్కాక మొదటిసారికే విండోస్ ఎక్స్‌పీ తెర వచ్చింది. ఆ యంత్రం ఆ తర్వాత ఏళ్ల పాటు పుస్తకాలు కూర్చింది. కొత్త వస్తువు కొన్న ఏ రోజూ నాకు అంతటి ఆనందం కలగలేదు.

కొనడం గురించి క్లుప్తంగా చెబుతాను. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లు ఎక్కి దిగిన వాళ్లకు ఆ పద్ధతి తెలుసు. చేతిలో చీటీతో ఒక దుకాణంలో కొటేషన్ రాయించుకుని పక్క దుకాణానికి వెళ్లడం. బేరం ఆడండి, కానీ బిల్లు వదులుకోకండి. బిల్లు లేకుండా తగ్గించే ఆ కాస్త డబ్బు, వారంటీ అవసరమైన రోజున ఎన్నో రెట్లు ఖర్చవుతుంది. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. ప్రాసెసర్ సీలు వేసిన డబ్బాలో వచ్చిందా, విడిగా వచ్చిందా అడగండి. డబ్బాలో వచ్చిన వాటికి ఇంటెల్ సాధారణంగా 3 ఏళ్ల వారంటీ ఇస్తుంది. విదేశాల నుంచి తెప్పించుకుంటే ఆ వారంటీ మన దగ్గర చెల్లుతుందో లేదో ముందే కనుక్కోండి.

ర్యామ్ విషయంలో 16 జీబీ కావాలంటే 8 చొప్పున రెండు తీసుకోండి, రెండు దారుల్లో డేటా నడుస్తుంది. కంప్యూటర్ లేచేటప్పుడు మొదట నడిచే బయాస్ సెట్టింగుల్లోకి వెళ్లి, ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపించే ఎక్స్‌ఎంపీని ఆన్ చేయండి. లేకపోతే డబ్బు పెట్టి కొన్న వేగం నిద్రపోతూనే ఉంటుంది. ఇంక ఏ ప్రాసెసర్ అంటారా, మీరు కొనాలనుకున్న దానికంటే ఒక మెట్టు కింద ఆగి, మిగిలిన డబ్బు ఎస్‌ఎంపీఎస్‌కు పెట్టండి.

చివరిగా ఒక మాట. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, ఇంటెల్ అయితే సాధారణంగా ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలి. దాంతో ఆఫీసులు మంచి యంత్రాలను కుప్పలుగా వదిలించుకుంటున్నాయి. నాలుగో తరం ఐ5కు ఒక ఎస్‌ఎస్‌డీ తగిలించి, లినక్స్ వేస్తే పిల్లల చదువుకు, తెలుగు టైపింగుకు హాయిగా సరిపోతుంది. తెలుగు కీబోర్డు అందులోనే ఉంటుంది. తీసుకునే ముందు రెండు చూడండి. ఒకటి, ఎస్‌ఎంపీఎస్ కనెక్టరు మామూలు 24 పిన్నులదేనా? ఆఫీసు యంత్రాలకు చాలావాటికి ప్రత్యేకమైనది ఉంటుంది, పాడైతే బయట దొరకడం కష్టం. రెండు, స్విచ్ వేసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతోందా? అలాగైతే భయపడకండి, సీఆర్2032 అనే బిళ్ల బ్యాటరీ మారిస్తే చాలు.

అలాంటి యంత్రం ఒకటి మూత తీసి ఈ బల్ల మీద పెట్టాను, పక్కనే మల్టీమీటర్ ఉంది. ముందు ఈ హాలు ప్లగ్గులో ఫేజ్‌కు ఎర్తుకు మధ్య ఎన్ని వోల్టులు చూపిస్తుందో నేను కొలుస్తాను. ఆ తర్వాత ఒక్కొక్కరూ వచ్చి లోపలి భాగాలు చూడండి, ఏది ఎందుకుందో అడగండి.