వీధిలైటు ఆరిందని ముందు ఎవరికి తెలియాలి?

(ఇంధన పొదుపు వారం సందర్భంగా అనంతపురంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

టైము అయిదూ పది. ఈరోజు డిసెంబరు 14, జాతీయ ఇంధన పొదుపు దినం. ఈరోజు అనంతపురంలో పొద్దు గుంకేది సుమారు అయిదూ యాభై రెండుకు. అంటే ఇంకా ముప్పావుగంట వెలుతురుంది. నేను ఈ హాలుకు నడిచే వచ్చాను. దారిలో ఒకే వరుసలో పదకొండు వీధిలైట్లు నిక్షేపంగా వెలుగుతున్నాయి. ఎండలో ఎల్ఈడీ వెలుగుతోందో లేదో తలెత్తి చూస్తే తప్ప తెలియదు. ముప్పై ఏళ్లు స్తంభాలెక్కి దిగినవాణ్ణి కాబట్టి నా తల అలవాటుగా పైకి పోతుంది. మీలో ఎవరూ చూసి ఉండరు, తప్పు మీది కాదు. లైటు వెలగడం లేదని ఫోన్ చేసేవాళ్లు ఊరినిండా ఉన్నారు. పగలు వెలుగుతోందని ఫోన్ చేసినవాళ్లను నా సర్వీసు మొత్తంలో ఇద్దరినో ముగ్గురినో చూశాను.

నేను చెప్పదలచుకున్నవి రెండే సంగతులు. లైటు ఆరాల్సిన వేళకు ఆరుతోందా? ఆరకూడని వేళ ఆరిపోతే ఆ సంగతి ఎవరికి ముందు తెలుస్తోంది? స్మార్ట్ లైటింగ్ అని పెద్ద పేరు పెట్టుకున్న వ్యవహారమంతా ఈ రెండింటి చుట్టూ తిరిగేదే.

నేను వైర్‌మన్‌గా చేరిన ఊళ్లో లైట్లు వేయడానికి ఒక మనిషి ఉండేవాడు. ఇరవై ఏడు బాక్సులు. సాయంత్రం సైకిలెక్కి ఒక్కో బాక్సు తలుపు తీసి, ఫ్యూజు క్యారియర్ గుచ్చి, తలుపు మూసి, మళ్లీ సైకిలెక్కడం. మొదటి బాక్సు అయిదింటికి పడితే చివరిది ఏడుకు పడేది. పొద్దున మళ్లీ అదే వరుసలో తీసుకుంటూ పోతే చివరి వీధిలో ఎనిమిదిన్నర దాకా లైట్లు వెలిగేవి. వాళ్ల కూతురి పెళ్లికి మూడు రోజులు సెలవు పెట్టాడు. ఆ మూడు రోజులూ ఊరికి రాత్రీ పగలూ తేడా లేదు. ఎవరూ అడగలేదు. పెళ్లి భోజనం మాత్రం అందరం తిన్నాం.

పల్లెల్లో ఇంకో కథ. అక్కడ వీధిలైటుకు ప్రత్యేకంగా థర్డ్ వైరు లాగని చోట్ల లైటు ఇళ్లకు పోయే ఫేజు మీదే ఉంటుంది. ఆర్పాలంటే ఇళ్లకూ కరెంటు తీయాలి. కాబట్టి ఆర్పరు. అలాంటి చోట ఎంత ఖరీదైన లైటు పెట్టినా ఇరవై నాలుగు గంటలూ వెలగాల్సిందే. స్మార్ట్ సంగతి తర్వాత, ముందు ఆ తీగ లాగాలి.

ఇక ఎల్ఈడీల విషయానికొద్దాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఊడ్చేసింది. ఆ తర్వాత ఆ నగరంలో తొంభై వేలకు పైగా వీధిలైట్లను ఎల్ఈడీలుగా మార్చారు. 2015 జనవరి 5న కేంద్రం వీధిదీపాల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. దేశంలో 1.34 కోట్ల లైట్లు మార్చాలన్నది లక్ష్యం. ఆ పని చూసిన సంస్థ ఈఈఎస్ఎల్. మన సీమ ఊళ్లకూ ఆ లైట్లు వచ్చాయి. దాంతో కరెంటు ఎంత తగ్గిందో ఒక ప్యానెల్ లెక్క చూద్దాం. ప్యానెల్ అంటే కొన్ని స్తంభాల లైట్లను కలిపి వేసి ఆర్పే పెట్టె.

పాత ట్యూబులైటు 40 వాట్లు. దాని రాగి చోకు వేడెక్కి తినేది ఇంకో పదిహేను. మొత్తం 55. నలభై ట్యూబులు ఒక ప్యానెల్ మీదుంటే 2.2 కిలోవాట్లు. రోజుకు పన్నెండు గంటలకు 26 యూనిట్లు. అవే స్తంభాలకు 20 వాట్ల ఎల్ఈడీలు పెట్టి, సరిగ్గా పదకొండుంబావు గంటలు వెలిగిస్తే 9 యూనిట్లు. రోజుకు 17 యూనిట్ల ఆదా. బాగుంది కదా? ఇప్పుడు ఆ ప్యానెల్ పగలు కూడా వెలిగిందనుకోండి. ఆ 17లో 10 వెనక్కి పోతాయి. నేను వస్తూ చూసిన పదకొండు లైట్ల సంగతి అదే.

సరిగ్గా పదకొండుంబావు గంటలని ఎందుకన్నానో చెప్తాను. ఈ వ్యవస్థలో నాకు బాగా నచ్చే వస్తువు ప్యానెల్ లోపలుండే ఖగోళ టైమరు. దానికి మన ఊరి అక్షాంశం, రేఖాంశం చెప్తే చాలు, ఏ రోజు పొద్దు ఎప్పుడు గుంకుతుందో అదే లెక్కేసుకుంటుంది. అనంతపురంలో నవంబరు చివర్లో అయిదూ ముప్పావుకే పొద్దు గుంకుతుంది. జూలై మొదట్లో ఆరూ యాభై దాటాలి. పొద్దున కూడా అంతే, జూన్ మొదట్లో అయిదూ యాభైకి ఉదయిస్తాడు, జనవరి చివర్లో ఆరూ ముప్పావు దాటితే గానీ రాడు. పొద్దు గుంకాక, పొద్దు పొడిచేముందు కాసేపు వెలుతురు ఉంటుంది కాబట్టి ఆ కాసేపూ లైటు వేయకుండా పెడితే ఏడాది సగటున రాత్రికి పదకొండుంబావు గంటలు చాలు. ఏడాది పొడుగునా సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఆరున్నర దాకా అని మొండిగా పెట్టిన టైమరుతో పోలిస్తే, దీనివల్ల ఏడాదికి 400 గంటలకు పైగా మిగులుతాయి.

ఒక జాగ్రత్త. విశాఖలో మనకంటే ఇరవై నిమిషాలు ముందే పొద్దు గుంకుతుంది. అక్కడ సెట్ చేసిన టైమరును అలాగే తెచ్చి ఇక్కడ బిగిస్తే మన లైట్లు విశాఖ టైముకు వెలుగుతాయి. నవ్వకండి, చూశాను.

రెండో ప్రశ్న, ఆరిపోయిన సంగతి తెలియడం. ప్యానెల్‌లో మీటరు, లైట్లన్నీ ఒకేసారి వేసి ఆర్పే స్విచ్చు అయిన కాంటాక్టరు, ఆ లెక్కను ఆఫీసు కంప్యూటరుకు పంపే సిమ్ కార్డున్న మోడెం ఉంటాయి. దీన్నే సీసీఎంఎస్ అంటారు. నలభై లైట్లకు 800 వాట్లు పోవాలి. 700 మాత్రమే పోతున్నాయంటే అయిదు ఆరిపోయాయని లెక్క. పాత ట్యూబులతో ఈ కిటుకు సరిగ్గా పారేది కాదు, ఎందుకంటే వోల్టేజీ తగ్గితే ట్యూబు లాగే కరెంటూ తగ్గేది. లైటు పోయిందో వోల్టేజీ పోయిందో తేలేది కాదు. ఎల్ఈడీ లోపల దానికి కరెంటు సర్ది ఇచ్చే డ్రైవరు అనే భాగం వోల్టేజీ ఎంతున్నా దాదాపు అవే వాట్లు లాగుతుంది. అందుకే లెక్క కుదిరింది. లోడు పెరిగినా తెలుస్తుంది. వినాయక చవితి నవరాత్రుల్లో ఆ మీటర్లు చూడండి, ఏ వీధిలో ఎంత పెద్ద మండపం వేశారో చెప్పేయొచ్చు.

ఇంత తెలివైన పెట్టె ఉన్నా పగలు లైట్లెందుకు వెలుగుతాయి? ఒక ఊళ్లో, పేరు వద్దు, మిట్టమధ్యాహ్నం ఒక ప్యానెల్ తలుపు తీశాను. మోడెం మిణుకుమిణుకుమంటోంది. మీటరు తిరుగుతోంది. కాంటాక్టరు ఆఫ్‌లో ఉంది. వీధినిండా లైట్లు మాత్రం వెలుగుతున్నాయి. టార్చి వేసి కిందకు చూస్తే, కాంటాక్టరు పైనుంచి కిందకు మూరెడు ఎర్ర వైరు ముక్క, టేపు కూడా చుట్టకుండా.

"ఎవరు వేసినారప్పా ఇది?" అని పక్కనున్న వైర్‌మన్‌ను అడిగాను.

"నేనే సార్. జాతర రోజు కాయిల్ కాలిపోయింది. కౌన్సిలర్ సారు ఫోన్ మీద ఫోన్. అప్పటికి బైపాస్ చేసేసినా. మళ్లా కొత్త కాయిల్ వచ్చింది, వేసినాం. వైరు తీసేది మర్చిపోయినాం."

జాతరై ఆరు నెలలు. ఆఫీసుకు పోయి కంప్యూటర్లో చూస్తే, ఆ ప్యానెల్ ఎదురుగా ఆరు నెలలుగా ఎర్రక్షరాల్లో ఉంది: కాంటాక్టరు ఆఫ్, లోడు ఉంది. యంత్రం తన పని తాను చేసింది. ఆ తెర చూసే కుర్రాడు వెలిగే లైట్ల శాతం ఒక్కటే చూసి పైవాళ్లకు పంపుతున్నాడు. పగలు వెలిగితే ఆ శాతం ఇంకా బాగా వస్తుంది! నేను ఆ వైర్‌మన్‌ను తిట్టలేదు. అతని స్థానంలో నేనున్నా ఆ రాత్రికి అదే చేసేవాణ్ణి. అయితే బైపాస్ వేసినవాడు ఒక పుస్తకంలో తేదీ రాసే అలవాటుంటే ఆరు నెలలు పట్టేది కాదు.

సిమ్ రీఛార్జి అయిపోయిన ప్యానెళ్ల గురించి చెప్పనవసరం లేదు. పాత అంకెనే తెర మీద చూపిస్తూ కూర్చుంటాయి.

మరమ్మతుల ఖర్చు దగ్గరికి వద్దాం, నాకు తెలిసినంతలో డబ్బు నిజంగా పోయేది అక్కడ. ఎల్ఈడీ 50 వేల గంటలు వస్తుందని డబ్బా మీద ఉంటుంది. ఏడాదికి నాలుగు వేల గంటలు వేసుకున్నా పన్నెండేళ్లు. అది చిప్పు లెక్క, అప్పటికి వెలుతురు మొదటిదాంట్లో 70 శాతానికి తగ్గుతుందని అర్థం. చిప్పు కంటే ముందు చచ్చేది డ్రైవరు. మన ఎండలు 42 డిగ్రీలు దాటుతాయి. వానలు తక్కువ, దుమ్ము ఎక్కువ. లైటు వీపు మీదున్న రెక్కల మధ్య దుమ్ము పేరుకుంటే వేడి పోదు, లోపల కెపాసిటర్ ఎండిపోతుంది. వానలో కడుక్కుంటుందిలే అనుకోవడానికి ఇది కోనసీమ కాదు.

అంతకంటే పెద్ద శత్రువు న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి పోయే తీగ. ఒకసారి గాలివాన తర్వాత ఒకే రాత్రి ఒక కాలనీలో ముప్పైకి పైగా లైట్లు పోయాయి. అందరూ నాసిరకం సరుకన్నారు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పోయి చూస్తే న్యూట్రల్‌ను కలిపే తీగ ముక్క, జంపరు, వదులై మసిబారి ఉంది. న్యూట్రల్ తెగితే ఒక ఫేజు మీద వోల్టేజీ పడిపోతుంది, ఇంకో ఫేజు మీద 300 దాటిపోతుంది. 230కి తయారైన డ్రైవర్లు వరసగా కాలిపోతాయి. మళ్లీ అన్నీ మార్చి, ఆ జంపరు బిగించకపోతే? ఇంకో గాలివానకు మళ్లీ అదే. ఇంజినీరు పిల్లలూ, టెండరు కాగితంలో 10 కిలోవోల్టుల సర్జ్ రక్షణ అని రాయించడంతో మీ పని అయిపోదు. అది పిడుగు దెబ్బకు. న్యూట్రల్ తెగితే కాపాడేది ఎక్కువ వోల్టేజీకి కటాఫ్ అయ్యే ఏర్పాటు, గట్టి ఎర్తింగు, స్పానరు పట్టుకున్న మనిషి.

20 వాట్ల లైటు ఏడాదికి తినేది 82 యూనిట్లు. యూనిట్ ఏడు రూపాయలనుకుంటే 574 రూపాయలు. దాన్ని మార్చడానికి నిచ్చెన బండి, డ్రైవరు, ఇద్దరు మనుషులు పోవాలి. ఒక్కసారి ఎక్కి దిగితే నాలుగొందలు అనుకుందాం. ఏడాదిలో రెండుసార్లు ఎక్కామంటే ఆ లైటు తిన్న కరెంటు కంటే మనం ఎక్కిన ఖర్చే ఎక్కువ. ఏ స్తంభమో తెలియక వీధంతా బండి తిప్పితే ఇక చెప్పేదేముంది.

మరైతే ప్రతి స్తంభానికీ ఒక నోడు, అంటే ఆ ఒక్క లైటునే చూసుకునే చిన్న పరికరం, పెట్టి, ఏ లైటు పోయిందో ఫోన్‌లోనే చూసుకోవచ్చు కదా అని పిల్లలు అడుగుతారు. పెట్టొచ్చు. నోడు మూడు వేలు అనుకుందాం. రాత్రి పదకొండు నుంచి అయిదు దాకా వెలుతురు సగానికి తగ్గిస్తే 20 వాట్ల లైటుకు ఏడాదికి 22 యూనిట్లు, 150 రూపాయలు మిగులుతాయి. మూడు వేలు రాబట్టడానికి ఇరవై ఏళ్లు. అదే బళ్లారి రోడ్డు లాంటి చోట 120 వాట్ల లైటైతే 131 యూనిట్లు, తొమ్మిది వందల పైన. మూడున్నరేళ్లలోపే వచ్చేస్తుంది. కాబట్టి నా మాట ఇది: పెద్ద రోడ్లకు నోడు పెట్టండి, సందులకు ప్యానెల్ చాలు. మనుషులొస్తే వెలుతురు పెంచే సెన్సర్లు కూడా సందుల్లో వద్దు. పాతూరు సందుల్లో రాత్రి రెండింటికి తిరిగేవి కుక్కలు. వాటికి దారి బాగానే కనిపిస్తుంది.

ఇంకొకరు అడుగుతారు, ఉమ్మడి జిల్లాలో ఎన్‌పీ కుంట సోలారు పార్కు ఉంది, పక్క జిల్లాలో ఓర్వకల్లు దగ్గర వెయ్యి మెగావాట్లది ఉంది, మనకెందుకయ్యా ఇంత పిసినారితనమని. అయ్యా, వీధిలైటు వెలిగేది ఆ సోలారు పలకలు నిద్రపోయాక.

కమిషనర్ల కార్యాలయాల నుంచి వచ్చినవాళ్లకు ఒక మాట. ఆదా అయిన డబ్బులోంచి కంపెనీకి చెల్లిస్తామనే ఒప్పందాలుంటాయి. మంచి పద్ధతే. పాత లెక్క ఎలా కట్టారో మాత్రం చూసుకోండి. ఊళ్లో వెయ్యి పాత లైట్లున్నాయి, వెయ్యీ వెలుగుతున్నాయని కాగితం మీద రాస్తారు. నిజానికి ఆరొందలే వెలుగుతుంటాయి. కొత్తవి వెయ్యీ వెలిగేసరికి అనుకున్నంత బిల్లు తగ్గదు, కంపెనీకి కట్టాల్సింది మాత్రం తగ్గదు. ఇంకోటి, లైట్లు మార్చాక మంజూరైన లోడు తగ్గించమని కరెంటు పంపిణీ కంపెనీకి, అంటే డిస్కంకు, అర్జీ పెట్టడం చాలామంది మర్చిపోతారు. 2.2 కిలోవాట్లకు ఫిక్స్‌డ్ ఛార్జీ కడుతూ 0.8 వాడుకుంటుంటారు. ఒక్క కాగితం పని అది.

ఇవన్నీ జరగాలంటే స్తంభానికి నంబరుండాలి. కార్యదర్శులారా, మీ వార్డులో ఏ స్తంభం ఏ ప్యానెల్ కిందిదో రాసి పెట్టుకున్నారా? చేతులెత్తండి. నలుగురు. సంతోషం, నేను ఇద్దరే అనుకున్నాను. మిగతావాళ్లు ఈ వారం ఒక రాత్రి మీ వైర్‌మన్‌ను వెంటబెట్టుకుని, ఒక్కో ప్యానెల్ ఆఫ్ చేసి ఏ లైట్లు పోయాయో నోటుపుస్తకంలో రాసుకోండి. పెయింటు డబ్బా కూడా తీసుకుపోండి.

అయిదున్నర దాటింది. నేను చూసిన ఆ పదకొండు లైట్ల ప్యానెల్ మీద నంబరు రంగు వెలిసి సగమే కనబడింది. అది ఎవరి వార్డో వాళ్లు సభ అయ్యాక నన్ను కలవండి, పోయి తలుపు తీసి చూద్దాం. తాళం చెవి మీరు తెచ్చుకోండి, టార్చి నా దగ్గరుంది.