రంగు తెలియకపోయినా జత తెలుస్తుంది

[తెరపై: బల్ల మీద రెండు చేతులు. ఒక చుట్ట కేబుల్, క్రింపర్, మల్టీమీటర్, పెద్ద పళ్ళ దువ్వెన.]

నమస్కారం. విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఇంటి నుంచి మాట్లాడుతున్నాను. నాకు చూపు లేదు. ఇది వింటున్నవారిలోనూ కొందరికి ఉండదు కాబట్టి, చేతిలో ఉన్నదాన్ని పేరు పెట్టి చెబుతాను.

ఇంటర్నెట్ కేబుల్‌కు కనెక్టర్ బిగించడం నేర్పమంటే ఎవరైనా మొదట రంగులే చెబుతారు. తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. దీన్ని 568బి క్రమం అంటారు. నేను దాన్ని శ్లోకంలా కంఠస్థం చేశాను. కానీ ఏది నారింజో వేలికి తెలియదు కదా. చాలాకాలం అక్కడే ఆగిపోయాను. తీగలో వెళ్ళే సంకేతానికి కూడా రంగు తెలియదని, దానికి కావలసింది జత అని తర్వాత అర్థమైంది.

[తెరపై: తొడుగు ఒలిచిన కేబుల్. నాలుగు జతలు నాలుగు దిక్కులకు విడదీసి ఉన్నాయి.]

తొడుగు ఒలిచి తడమండి. ఎనిమిది తీగలు రెండేసి చొప్పున పురి తిరిగి నాలుగు జతలుగా ఉంటాయి. ఒక జతలోని రెండు తీగలూ ఒకే సంకేతాన్ని ఎదురెదురు రూపాల్లో మోస్తాయి. పక్కన తిరిగే మోటారు పుట్టించే అలజడి, పురి వల్ల రెండింటి మీదా ఇంచుమించు సమానంగా పడుతుంది. అవతలి యంత్రం రెండింటి మధ్య తేడానే తీసుకుంటుంది కాబట్టి సమానంగా పడినది కొట్టుకుపోతుంది. గ్రాహంబెల్ 1881లో టెలిఫోను తీగల కోసం కనిపెట్టిన ఉపాయం ఇది.

గోరు జార్చి చూస్తే ఒక జత పురి బిగువుగా, ఇంకొకటి కాస్త వదులుగా తగులుతుంది. కార్తీకమాసంలో వత్తులు చేసిన వేళ్ళకు ఇది వెంటనే తెలుస్తుంది. అయితే పురి బిగువు కంపెనీని బట్టి మారుతుంది, దాన్ని బట్టి రంగు ఊహించవద్దు.

ఇప్పుడు కనెక్టర్. క్లిప్పు కిందికి, తీగలు దూర్చే నోరు మీ వైపుకు ఉండేలా పట్టుకోండి. లోపల తీగలకు ఎనిమిది స్థానాలు. ఎడమ చివరిది 1, కుడి చివరిది 8. 1, 2 ఒక జత. 7, 8 ఒక జత. మధ్యలో 4, 5 ఒక జత. దాన్ని కావలించుకున్నట్టు ఇటు 3, అటు 6 నాలుగో జత.

ఇక్కడే నేను దెబ్బతిన్నాను. మొదటి కేబుల్‌లో 3, 4 ఒక జతగా, 5, 6 ఒక జతగా వరుసగా పెట్టేశాను. తీగ ఈ కొస నుంచి ఆ కొస దాకా తెగకుండా ఉంటే బీప్‌మనే మీటరు, అదే మల్టీమీటర్, ఎనిమిదింటికీ చక్కగా మోగింది. కానీ ఇంటర్నెట్ నత్తనడక. తీగలన్నీ కలిసే ఉన్నాయి, పురే చెదిరింది. 3, 6 వేర్వేరు పురుల్లో పడ్డాయి కాబట్టి అలజడి కొట్టుకుపోలేదు. బీప్ శబ్దం ఈ తప్పును పట్టలేదు, మీ వేళ్ళే పట్టాలి.

[తెరపై: తీగల కొసలు కనెక్టర్ ముందు నుంచి బయటికి వచ్చాయి. గోరు వాటి మీద కదులుతోంది.]

మొదటి చివరకు ఏ జత ఏ స్థానంలో పెట్టినా ఫరవాలేదు. తీగ ముందు నుంచి బయటికి వచ్చే రకం కనెక్టర్ కొనండి, దాన్ని నొక్కి బిగించే పనిముట్టు, అంటే దానికి తగిన క్రింపర్ కూడా. బయటికి వచ్చిన కొసలను గోటితో లెక్కపెట్టి, ఎనిమిదీ ఉన్నాయని తేలాకే నొక్కవచ్చు. తొడుగు కూడా కనెక్టర్ లోపలికి వెళ్ళాలి. పురి విప్పిన భాగం 13 మిల్లీమీటర్లకు మించకూడదు. రోహిణి కార్తెలో మా ఊళ్ళో వేళ్ళు చెమటకు జారతాయి, అందుకే పక్కన పౌడరు డబ్బా పెట్టుకుంటాను.

రెండో చివర మాత్రం మొదటిదాన్ని అనుసరించాలి. కేబుల్‌ను గోడలో దూర్చకముందే, చుట్టగా ఉండగానే ఈ పని చేయండి, రెండు చివరలూ చేతికి అందుతాయి. ఏ చివరా దేనికీ తగిలించి ఉండకూడదు. కొన్ని కెమెరాలకు ఇదే తీగలో కరెంటు వెళుతుంది.

రెండో చివర తీగల కొసలు కొద్దిగా ఒలవండి, ఆ భాగం క్రింపర్ నొక్కినప్పుడు తెగిపోయేదే. మల్టీమీటర్‌ను బీప్ మీద పెట్టి, దాని రెండు కడ్డీల్లో ఒకదానికి కుట్టుసూది బిగించండి. ఆ సూదిని మొదటి కనెక్టర్ మీద ఎడమ నుంచి జార్చితే గాడి గాడికీ చిన్నగా తట్టుకుంటుంది. మొదటి గాడిలో ఆపండి. రెండో కడ్డీని ఒక్కో కొసకు తాకించండి. మోగిన తీగ 1. దాని జతలోని రెండోది వెతకనక్కర్లేదు, అదే 2. అలాగే 3 దొరికితే 6, 4 దొరికితే 5, 7 దొరికితే 8. ఎనిమిది వెతుకులాటలు నాలుగయ్యాయి. దొరికినదాన్ని దొరికినట్టు దువ్వెన పళ్ళ మధ్య దాని వరుసలో ఇరికించండి. నాకు ఇంతకంటే నమ్మకమైన పనిముట్టు ఇంకా దొరకలేదు.

ఇంట్లో వాడుకునే కేబుల్‌కు ఇది చాలు. ఆఫీసు పనికైతే రంగుల క్రమం పాటించాల్సిందే, రేపు దాన్ని విప్పేది మరొకరు. ఫోనులో రంగులు చెప్పే యాప్‌లు ఇంత సన్నని తీగల దగ్గర నన్ను చాలాసార్లు తప్పుదారి పట్టించాయి. అందుకే వీడియో కాల్‌లో ఒకరిని అడుగుతాను. అదీ మొదటి చివరకే. రెండోది బీప్ చూసుకుంటుంది.

[తెరపై: కంప్యూటర్‌కు కేబుల్ తగిలించారు. క్లిక్ మన్న శబ్దం.]

లైట్లు వెలిగే టెస్టర్ మనకు పనికిరాదు. రౌటర్, కంప్యూటర్ రెండూ గిగాబిట్‌వైతే, అంటే సెకనుకు 1000 మెగాబిట్ల వేగం అందుకునేవైతే, కేబుల్ తగిలించి, విండోస్ సెట్టింగ్స్‌లో ఈథర్‌నెట్ పేజీ తెరిచి, లింక్ స్పీడ్ దగ్గరికి వెళ్ళండి. తెర మీది మాటలు చదివి వినిపించే ఎన్‌వీడీఏ 1000 అని చదివితే నాలుగు జతలూ పనిచేస్తున్నట్టే. 100 అని చదివితే ముందు 4, 5, 7, 8 మీద సూది పెట్టి చూడండి. 100 వేగానికి 1, 2, 3, 6 చాలు, కాబట్టి తేడా ఎక్కువగా మిగిలిన నాలుగింటిలోనే దొరుకుతుంది.