ఏలీకి వినపడని పిలుపు

శ్రోతలందరికీ నమస్కారం. ప్రార్థనలో సలహా, తోడు అనగానే చాలామంది చెప్పే మాట ఒకటుంది, "అది నాకూ దేవుడికీ మధ్య విషయం, మూడో మనిషి ఎందుకండీ" అని. నేనూ ఏళ్ల తరబడి అదే అన్నాను.

బైబిల్లో సమూవేలు కథ గుర్తుందా? పిల్లాడు గుడిలో పడుకుని ఉంటాడు. ఎవరో పేరు పెట్టి పిలుస్తారు. ముసలి యాజకుడు ఏలీయే పిలిచాడనుకుని లేచి పరుగెత్తుతాడు. "నేను పిలవలేదు నాయనా, వెళ్లి పడుకో" అంటాడాయన. అలా మూడుసార్లు. ఏలీకి చూపు మందగించింది, కన్నకొడుకులు చేయి దాటిపోయారు, పైగా ఆ గొంతు ఆయనకు వినపడనే లేదు. అయినా మూడోసారికి ఆ పిలిచేది ఎవరో పోల్చుకున్నది ఆయనే. మళ్లీ పిలుపు వస్తే ఏం జవాబివ్వాలో చెప్పి పిల్లాణ్ణి వెనక్కి పంపాడు, తాను మాత్రం వెంట వెళ్లలేదు. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చేది అదే.

నా సంగతి చెప్తాను. ఒక దశలో జపమాల పట్టుకుంటే చాలు మనసు ఎండిపోయినట్టు ఉండేది, నా విశ్వాసమే పోతోందేమోనని టెన్షన్. చివరికి వయసు మళ్లిన ఒక ఫాదర్ గారి దగ్గర కూర్చుని అంతా చెప్పుకున్నాను. నవదిన ప్రార్థన ఏదైనా చేయమంటారనుకున్నా. ఆయన అడిగింది ఒక్కటే, "రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నావు?" నిజం చెప్పాలంటే కాస్త చిన్నబుచ్చుకున్నాను, నేను ఆత్మ గురించి మాట్లాడుతుంటే ఈయన నిద్ర గురించి అడుగుతారేంటి అని. తీరా చూస్తే నేను రోజూ పనులన్నీ అయ్యాక, పదకొండు దాటాక, కళ్లు మూతలు పడుతుంటే ప్రార్థనకు కూర్చుంటున్నాను. ఉదయానికి మార్చమన్నారు. మనసు ఎండిపోవడం పూర్తిగా ఆగలేదు గానీ, భయం పోయింది.

ఇది నా ఒక్కరి అమాయకత్వం కాదులెండి. పునీత లొయోలా ఇగ్నేషియస్ 1521లో యుద్ధంలో కాలు విరిగి, మంచాన పడి, మనసు మార్చుకున్న సైనికుడు. మరుసటి ఏడు స్పెయిన్‌లోని మన్రేసా ఊళ్లో ఉన్నప్పుడు, ఒకసారి పాప సంకీర్తనంలో, అంటే ఫాదర్ గారి ముందు, చెప్పుకున్న పాపాలే మళ్లీ మళ్లీ గుర్తొచ్చి నలిగిపోయాడు. మనశ్శాంతి దొరికేదాకా తిననని వారం రోజులు పస్తున్నాడు. అది తెలిసి పాప సంకీర్తనం వినే గురువు, అంటే ఫాదర్ గారు, "ఉపవాసం మానెయ్" అన్నారు, ఇగ్నేషియస్ మానేశాడు. తన లోపలి సంగతి తానే తూచుకుంటూ కూర్చుంటే ఎంతటివాడికైనా తక్కెడ సరిగ్గా నిలవదు. ఆ తర్వాత ఆయన రాసిన "ఆధ్యాత్మిక సాధనలు" అనే పుస్తకంలో, ప్రార్థనలో దారి చూపే మార్గదర్శి పనేమిటో చెప్తూ, తక్కెడ ముల్లులా మధ్యలో నిలబడి దేవుణ్ణీ ఆ మనిషినీ నేరుగా మాట్లాడుకోనివ్వాలని పెట్టాడు.

అన్నట్టు, పాప సంకీర్తనం వేరు, ఈ మార్గదర్శనం వేరు. అక్కడ పాపాలు చెప్పుకుని క్షమాపణ పొందుతాం, దాన్ని వినేది గురువే. ఇక్కడ మాట్లాడేది మన ప్రార్థన ఎటు పోతోంది, దేవుడు ఎటు లాగుతున్నాడు అన్నదాని గురించి. ఇది సిస్టర్ గారితో కావచ్చు, అనుభవం ఉన్న గృహస్థులతోనైనా కావచ్చు.

అయితే ఎవరో ఒకరు దొరికితే చాలనుకోవద్దు. భర్తను పోగొట్టుకున్న ఫ్రెంచి స్త్రీ జేన్ ద షాంతాల్‌కు దొరికిన మొదటి మార్గదర్శి ఆమెచేత నాలుగు ప్రమాణాలు చేయించాడు: తనకే లోబడాలి, తనను మార్చకూడదు, తను చెప్పింది బయటపెట్టకూడదు, ఆమె తన ఆత్మ సంగతి ఇంకెవరితోనూ మాట్లాడకూడదు. వింటుంటేనే ఊపిరాడటం లేదు కదూ? 1604లో ఆమెకు బిషప్ పునీత ఫ్రాన్సిస్ ద సేల్స్ పరిచయమయ్యారు. ఆ ప్రమాణాలు ఆమె మనశ్శాంతిని పాడుచేయడానికి తప్ప ఎందుకూ పనికిరావని తేల్చేశారు, అన్నీ ప్రేమతో చేయి, బలవంతంతో ఏదీ చేయకు అని రాశారు. కాబట్టి ఎవరైనా మిమ్మల్ని దేవుడి వైపు కాక తన వైపు తిప్పుకుంటుంటే, ఇంకెవరితోనూ మాట్లాడొద్దంటే, లేచి వచ్చేయండి, అందులో మొహమాటం అక్కర్లేదు.

ఇక తోడు. జపమాలను ఇద్దరు చెప్పేటప్పుడు గమనించండి. ఒకరు "దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా" అని మొదలుపెడతారు, రెండోవాళ్లు "పరిశుద్ధ మరియమ్మా" అని అందుకుంటారు. దీన్నే మంగళవార్త జపం అంటాం. జపమాలలో ఇవి మొత్తం 53, ఏ ఒక్కటీ పూర్తిగా మీ ఒక్కరిదే కాదు. మా ఇంట్లో నేనూ మా అత్తయ్యా చెప్తాం. ఏడో పూస దగ్గరికొచ్చేసరికి నా మనసు ఎక్కడికో పోతుంది, ఆవిడ గొంతు వినపడగానే నోరు దానంతటదే రెండో సగం అందుకుంటుంది. కొన్ని రోజులు ఆవిడే కునుకు తీస్తారు. నేను చిన్నగా దగ్గుతాను. "నిద్రపోలేదే, ధ్యానం చేస్తున్నా" అని, ఎన్నో పూస దగ్గర ఆగామో నన్నే అడుగుతారు.